పేరులేని వాగు వెంబడి: ఇటలీ వైన్ హద్దులను మ్యాపులోకి ఎక్కించడం

(మ్యాపుల మీద ఇష్టం ఉన్న కొందరం హైదరాబాద్‌లో కలుసుకున్న ఒక ఆదివారం పొద్దున చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది. తెర మీది బొమ్మల ప్రస్తావనలు కొన్ని తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకు వినిపిస్తోందా? సరే, మైకు ఇంకాస్త దగ్గర పెట్టుకుంటాను.

ముందు ఒక హద్దు చదువుతాను, వినండి. అంబ్రా వాగు వెంబడి పోవాలి. తర్వాత దానిలో కలిసే పేరులేని పిల్లవాగు వెంబడి చర్పెల్లా అనే రైతు ఇంటిదాకా. అక్కడి నుంచి కంచరగాడిదల బాట పట్టుకుని కాజా అల్ ఫ్రాతె అనే ఇంకో రైతు ఇంటిదాకా. అక్కడి నుంచి ఊహా రేఖ మీద ఒంబ్రోనె నది దగ్గర 298 అని ఎత్తు రాసి ఉన్న చోటికి.

ఇది ఎక్కడిదనుకుంటున్నారు? ఎవరో "పాత దస్తావేజు" అన్నారు. అవును, మన చెక్కుబంది సరిగ్గా ఇలాగే ఉంటుంది. తూర్పున ఫలానావారి గట్టు, పడమర బండ్ల బాట, ఉత్తరాన వాగు, దక్షిణాన చింతచెట్టు. మా నాన్నగారు సర్వేయరు. చెట్టు కొట్టేసి ముప్ఫై ఏళ్లయినా కాగితంలో ఆ చెట్టు బతికే ఉంటుందనేవారు. ఇప్పుడు నేను చదివింది మాత్రం దస్తావేజు కాదు. ఇటలీలో టస్కనీ ప్రాంతపు కియాంతి క్లాసికో అనే వైన్ హద్దు మొదలయ్యే తీరు. 1932లో రాశారు. ఈ రోజుకీ ఆ వైన్ నిబంధనల కాగితంలో దాదాపు ఇదే మాట ఉంది.

నాకు ఈ గొడవతో సంబంధం ఎలా వచ్చిందో రెండు ముక్కల్లో చెప్తాను. 2018లో మా ఆఫీసుకు ఒక విదేశీ ప్రచురణ సంస్థ నుంచి పని వచ్చింది. ఇటలీ వైన్ ప్రాంతాల హద్దులన్నీ డిజిటైజ్ చేసి ఇవ్వాలి. నేను వైన్ తాగను. (నవ్వులు) నిజంగానే తాగను. నాకు తెలిసిన వైన్ అంతా షేప్‌ఫైళ్లలోనే, అంటే మ్యాపు గీతలు దాచే కంప్యూటరు ఫైళ్లలోనే ఉంది. ప్రాంతాల పేర్ల జాబితా చూసి, ఉన్న హద్దులు తెచ్చి, శుభ్రం చేసి, రంగులు వేసి ఇచ్చేయడమే కదా, రెండు నెలల పని అనుకున్నాను. ఏడాదిన్నర పట్టింది. ఎందుకంటే గీతలు ఎక్కడా లేవు. వాక్యాలు ఉన్నాయి.

ఇటలీలో వైన్ పేర్లకు చట్టం 1963లో వచ్చింది. ఫలానా నేలలో పండిన వైన్‌కే ఫలానా పేరు అని ఇచ్చే హక్కు డీఓసీ, దాని మీద ఇంకో మెట్టు డీఓసీజీ. ఈ రెండూ కలిపి ఇప్పుడు నాలుగు వందలకు పైనే ఉన్నాయి. ప్రతి పేరుకూ ఒక నిబంధనల కాగితం ఉంటుంది. దాన్ని దిషిప్లినారె అంటారు. అందులో మూడో అంశం సాధారణంగా హద్దు. కొన్నిచోట్ల అది ఒక్క వాక్యం: ఫలానా ఊళ్ల పరిధి అంతా. ఇంకొన్నిచోట్ల పేజీలకు పేజీలు: ఈ వంతెన నుంచి ఆ చర్చిదాకా, ఈ రోడ్డు మీద ఇన్నో కిలోమీటరు రాయి దగ్గర ఎడమకు తిరిగి, 257 ఎత్తు బిందువు దాటి... ఆ ఎత్తు బిందువులు ఎక్కడివంటే, ఫ్లోరెన్స్‌లో ఉన్న సైనిక భౌగోళిక సంస్థ వేసిన 1:25,000 షీట్లలోవి. అంటే వాక్యం రాసిన ఆయన ముందు ఒక పాత షీటు పరుచుకుని, వేలు పెట్టి నడుపుతూ రాశాడన్నమాట. నా పని ఆ వేలు ఎటు పోయిందో వెతుక్కోవడం.

ఆ షీట్లలో ఇంకో తిరకాసు ఉంది. వాటి మీద రేఖాంశాలు గ్రీన్‌విచ్ నుంచి లెక్కపెట్టరు. రోమ్‌లో మోంతె మారియో అనే గుట్ట ఉంది, అక్కడ సున్నా. గ్రీన్‌విచ్‌కు అది 12 డిగ్రీల 27 నిమిషాల 8.4 సెకన్ల తూర్పున ఉంది. ఇది తెలియకుండా మా కుర్రాడు ఒక షీటు ఎక్కిస్తే, ద్రాక్షతోటలన్నీ ఫ్రాన్స్, స్పెయిన్ దాకా జరిగిపోయాయి. అంత పెద్ద తప్పయితే కంటికి కనిపిస్తుంది, నయమే. డేటమ్ అంటే అక్షాంశ రేఖాంశాలు కొలవడానికి పెట్టుకునే ఆధారం. పాత ఇటలీ డేటమ్‌ను, జీపీఎస్ వాడే డేటమ్‌ను కలిపేటప్పుడు కొద్ది పదుల మీటర్లు తేడా వస్తుంది చూడండి, అది చంపుతుంది. చూడ్డానికి అంతా బాగానే ఉంటుంది. తోట మాత్రం వాగు అవతలికి పోయి ఉంటుంది.

సరే, కియాంతి సంగతికి వద్దాం. 1716 సెప్టెంబరు 24న టస్కనీని ఏలుతున్న మూడో కోజిమో దె మెదిచి ఒక ఫర్మానా వేయించాడు. కియాంతి, పొమీనో, కర్మిన్యానో, ఎగువ వాల్ దార్నో అని నాలుగు ప్రాంతాలకు హద్దులు చెప్పాడు. ఓడలెక్కి బయటి దేశాలకు పోయే వైన్ ఈ పేర్లతో పోవాలంటే ఈ నేలల్లో పండిందై ఉండాలి. ప్రపంచంలో వైన్‌కు చట్టబద్ధంగా గీసిన తొలి హద్దుల్లో ఇదొకటి. అందులో కియాంతి హద్దు ఎలా ఉందంటే: స్పెదలుత్సో నుంచి గ్రేవె దాకా, అక్కడి నుంచి పన్జానోకు, రద్దా అధికార పరిధి మొత్తం, అంటే రద్దా, గయోలె, కస్తెల్లీనా మూడు భాగాలూ, సియెనా రాజ్యపు పొలిమేర దాకా. అంతే. మన పాత దాన శాసనాల్లో ఊరి ఎల్లలు చెప్పినట్టు చెప్పి వదిలేశారు.

ఆ సియెనా పొలిమేర ఎలా పడిందో అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. ఫ్లోరెన్స్, సియెనా రెండూ తగువులాడీ లాడీ విసిగిపోయి ఒక ఒప్పందానికి వచ్చాయట. తెల్లవారి కోడి కూయగానే రెండు ఊళ్ల నుంచీ ఒక్కో రౌతు బయల్దేరాలి, ఇద్దరూ ఎదురుపడ్డ చోట హద్దు. సియెనావాళ్లు తెల్లకోడిని కడుపునిండా మేపారు. ఫ్లోరెన్స్‌వాళ్లు నల్లకోడిని పస్తు పెట్టారు. ఆకలితో నిద్రపట్టని కోడి చీకటుండగానే కూసింది. ఫ్లోరెన్స్ రౌతు సియెనాకు పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఫొంతెరూతొలి దాకా వచ్చేశాడు. కియాంతి క్లాసికో సీసా మెడ మీద కనిపించే నల్లకోడి బొమ్మ వెనక చెప్పుకునే కథ ఇదే. కథే అనుకోండి. కానీ మ్యాపు తీసి చూస్తే ఆ పాత హద్దు నిజంగానే సియెనా గుమ్మంలోకి తోసుకొచ్చినట్టుంటుంది.

ఇక 1932. కియాంతి అనే పేరుకు గిరాకీ పెరిగి, చుట్టుపక్కల కొండలవాళ్లందరూ ఆ పేరు పెట్టి అమ్ముకుంటున్నారు. ప్రభుత్వం వేసిన కమిషన్ ఏం చేసిందంటే, వాళ్లనీ లోపలికి తీసుకుంది. ఏడు భాగాలు చేసింది. పీసా కొండలు, అరెత్సో కొండలు, రూఫీనా, మోంతల్బానో, ఇలా అందరూ కియాంతి అయిపోయారు. అసలు కియాంతివాళ్లకు మిగిలిందేమిటయ్యా అంటే క్లాసికో అనే తోక. అది కూడా 1716 నాటి గీత కాదు, దాన్నీ పెంచారు. నా ఉద్దేశంలో ఇది హద్దు గీయడం కాదు, రాజీ. అసలు క్లాసికోకు విడిగా సొంత డీఓసీజీ రావడానికి 1996 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక్కడ చూడండి, క్లాసికో హద్దు చుట్టిన ఈ ఆకారం, మా భాషలో పాలిగాన్, దీని మొత్తం విస్తీర్ణం సుమారు 70 వేల హెక్టార్లు. అందులో కియాంతి క్లాసికోకు నమోదైన ద్రాక్షతోటలు ఏడు వేల చిల్లర. పదో వంతు. మిగతాదాంట్లో ఎక్కువ భాగం అడవే, అక్కడక్కడా ఆలివ్ చెట్లు. వైన్ ప్రాంతం అని మనం ఒకే రంగు పులిమేసిన చోట నిజానికి అడవిపందులు తిరుగుతుంటాయి. అందుకే ఇలాంటి మ్యాపులో నిండుగా రంగు వేసినప్పుడల్లా నాకు అబద్ధం చెప్తున్నట్టు ఉంటుంది. 2021లో ఈ ప్రాంతంవాళ్లే లోపల మళ్లీ పదకొండు భాగాలు చేసుకున్నారు. పన్జానో, లమోలె, మోంతెఫియొరల్లె... ఇవన్నీ గ్రేవె పరిధిలోని ఊళ్లే. ఒక్క మున్సిపాలిటీ గీత చాలదని వాళ్లకే అనిపించింది.

మున్సిపాలిటీ అన్నాను కదా, ఇప్పుడు నా పరువు పోయిన సంగతి చెప్తాను.

బ్రునెల్లో దీ మొంతల్చీనో అని ఖరీదైన వైన్ ఉంది. 1966లో డీఓసీ, 1980లో డీఓసీజీ. దీని హద్దు అన్నిటికంటే తేలిక అనుకున్నాను. మొంతల్చీనో కొమూనె పరిధి ఏదో అదే. కొమూనె అంటే మన మున్సిపాలిటీ, పంచాయతీ లాంటిది. ఇటలీ గణాంక సంస్థ ప్రతి ఏడాదీ కొమూనెల హద్దులు ఉచితంగానే పెడుతుంది. ఆ ఏడాది లేయరు దింపుకున్నాను, మొంతల్చీనో ఎంచుకున్నాను, రంగు వేశాను. పది నిమిషాలు. ఆ రోజు ఇంటికి తొందరగా కూడా పోయాను.

రెండు వారాలకు ప్రూఫులు చూసే ఆవిడ దగ్గర్నుంచి మెయిలు. ఇటాలియన్ ఆవిడ, చాలా మర్యాదగా రాసింది. మీరు బ్రునెల్లో నేలను పావు వంతుకు పైగా పెంచేశారు, సాన్ జొవాన్ని దాస్సోవాళ్లు మీకు దండ వేయాలి అని. ఏం జరిగిందంటే, 2017 జనవరి 1న పక్కనే ఉన్న సాన్ జొవాన్ని దాస్సో అనే చిన్న కొమూనెను మొంతల్చీనోలో కలిపేశారు. 243 చదరపు కిలోమీటర్లున్న ఊరు 310 అయింది. ఊరు పెరిగింది కానీ వైన్ పెరగలేదు. బ్రునెల్లోకు పాత పరిధే. సాన్ జొవాన్ని అంటే తెల్ల ట్రఫుల్స్‌కు, నేల లోపల పెరిగే ఖరీదైన పుట్టగొడుగుల్లాంటి వాటికి పేరు, బ్రునెల్లోకు కాదు. నా మ్యాపులో మాత్రం అక్కడి ట్రఫుల్ పొలాలన్నీ రాత్రికి రాత్రి లక్షాధికారులైపోయాయి. (నవ్వులు)

అప్పటి నుంచి కొమూనె పేరు కనిపిస్తే ఏ సంవత్సరపు కొమూనె అని అడగడం అలవాటైంది. బర్బెరీనో వాల్ దెల్సా, తవర్నెల్లె వాల్ ది పేసా 2019లో కలిసి ఒకే ఊరయ్యాయి. నిబంధనల కాగితాల్లో పాత పేర్లుంటే కంప్యూటరుకు దొరకవు. ఇది మన దగ్గర కొత్తేమీ కాదు. 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రలో జిల్లాలు మార్చాక పాత జిల్లా పేరుతో ఉన్న డేటా సర్దుకున్నవాళ్లు ఈ గదిలో ఎంతమంది? చేతులెత్తండి. అదిగో.

ఇప్పుడు ఉత్తరానికి, పీడ్‌మాంట్ ప్రాంతంలో బరోలో అనే వైన్ పండే చోటికి పోదాం. నాకు బాగా ఇష్టమైన మ్యాపు ఇదే. పదకొండు ఊళ్లు. బరోలో, లా మొర్రా, సెర్రలుంగా, మొన్‌ఫోర్తె, కస్తిల్యోనె ఫల్లెత్తో, ఇంకా ఆరు. అక్కడ రైతులు ఊరి పేరు కంటే కొండవాలు పేరే ఎక్కువ పలుకుతారు. సోరి అంటే దక్షిణానికి తిరిగిన వాలు, చలికాలం పోయాక మంచు ముందు కరిగే చోటు. బ్రిక్కో అంటే కొండ నెత్తి. మన దగ్గర ఎగువ చెక్క, మెరక చేను, ఊట మడి అని ప్రతి ముక్కకూ పేరు ఉన్నట్టే.

ఈ పేర్లు కాగితం మీదికి రావడానికి చాలా కాలం పట్టింది. 19వ శతాబ్దం చివర్లో లొరెన్జో ఫంతీని అనే సర్వేయరు ఏ కొండ మంచిదో రాసిపెట్టాడు. 1970లలో రెనాతో రత్తి అనే వైన్ తయారీదారు మంచి వాలులన్నీ గుర్తించి ఒక మ్యాపు వేశాడు. అది ఆయన అభిప్రాయమే, చట్టం కాదు. అయినా జనం దాన్నే పట్టుకున్నారు. చివరికి 2010లో అధికారికంగా జాబితా వచ్చింది. 170 కొండ పేర్లు, వాటితోపాటు పదకొండు ఊళ్ల పేర్లు, మొత్తం 181. పక్కనున్న బర్బరెస్కో అనే ఇంకో వైన్ ప్రాంతంవాళ్లు 2007లోనే ఈ పని ముగించారు. ఈ కొండలన్నిటినీ ముక్కముక్కగా మ్యాపుల్లో పెట్టి పేరు తెచ్చుకున్న అలెస్సాండ్రో మస్నగెత్తి చదివింది అణు ఇంజనీరింగ్. మనవాళ్లు వింటే, ఇంజనీరింగ్ చదివి ఇదేం పని నాయనా అంటారు.

అధికారిక జాబితా వచ్చేసరికి తగువు తీరిందనుకోకండి. తగువుకు అడ్రస్ దొరికింది, అంతే. బుస్సియా అనే పేరు కింద సుమారు 300 హెక్టార్లు చేరిపోయాయి. మన లెక్కలో ఏడు వందల నలభై ఎకరాలు. అది కొండా, మండలమా? దీనికి ఎదురుగా కన్నూబి చూడండి. బరోలో ఊరి పక్కనే పొడవుగా పడుకున్న చిన్న గుట్ట. 1752 అని కన్నూబి పేరుతో రాసి ఉన్న సీసా ఒకటి ఇప్పటికీ ఉంది, బరోలో అన్న పేరు సీసాల మీద కనిపించడానికి ముందటిది. గుట్ట నడుమ భాగం 15 హెక్టార్లు. అటూ ఇటూ ముస్కతెల్, బోస్కిస్, వల్లెత్తా, సాన్ లొరెన్జో అని చిన్న చిన్న ముక్కలు. అన్నీ కలిపితే 34. ఈ పక్క ముక్కలవాళ్లు లేబుల్ మీద ఉత్తి కన్నూబి అని రాసుకోవచ్చా, లేదా? నడుమ ఉన్నవాళ్లు కోర్టుకు పోయారు. 2012లో కింది కోర్టు వాళ్ల వైపు తీర్పిచ్చింది. 2013లో పైకోర్టు దాన్ని తిరగేసింది, రాసుకోవచ్చంది. పందొమ్మిది హెక్టార్ల కోసం దేశపు అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం దాకా! గట్టు తగాదాల్లో మనవాళ్లను మించినవాళ్లు లేరనుకున్నాను ఇన్నాళ్లూ.

బరోలో నిబంధనల్లో మ్యాపులవాళ్లకు ఇంకో పరీక్ష ఉంది. తోట 170 మీటర్ల ఎత్తుకు తక్కువ ఉండకూడదు, 540కి మించకూడదు. ఉత్తరానికి అటు 45 డిగ్రీలు, ఇటు 45 డిగ్రీల లోపల తిరిగిన వాలు పనికిరాదు. బాగుంది, ఎత్తుల డేటా తీసుకుని ఏ గడి ఎటు తిరిగి ఉందో లెక్క కడితే సరిపోతుంది అనుకున్నాను. పది మీటర్ల గడులతో కట్టాను. పచ్చగా వచ్చిన చోట తోట లేదు, ఎర్రగా వచ్చిన చోట తోట ఉంది. కొండ మీద ప్రతి మడతా గడిలో పట్టదు కదా. దగ్గరకు జూమ్ చేస్తే ఒకే తోటలో మూడు వరసలు వాయవ్యానికి, నాలుగో వరస నుంచి పడమరకు. అక్కడ రైతు కంటికి తెలిసింది నా సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. ఆ లేయరు తీసేసి, హద్దు మాత్రం ఉంచి, పక్కన నిబంధన రాసి ఊరుకున్నాను. నేను ఈ పనిలో చేసిన మంచి నిర్ణయాల్లో అదొకటి.

ప్రొసెక్కో కథ వేరు. అక్కడ నేలను చూసి గీత గీయలేదు, గీత కోసం నేలను వెతికారు. ప్రొసెక్కో అనేది అప్పట్లో ద్రాక్ష రకం పేరు, దానితో చేసే నురుగు వైన్ పేరూ అదే. వెనిస్‌కు ఉత్తరాన కొనెల్యానో, వల్దొబ్బియాదెనె కొండల్లో పండేది. ఆ నురుగు వైన్‌కు ప్రపంచమంతా గిరాకీ వచ్చేసరికి, ఎవరైనా ఆ ద్రాక్ష నాటుకుని ప్రొసెక్కో అని అమ్ముకోవచ్చుగా అన్న భయం పట్టుకుంది. ద్రాక్ష రకం పేరును ఒక ప్రాంతానికి సొంతం చేయడం కుదరదు. ఊరి పేరైతే కుదురుతుంది. అదృష్టం, ఇటలీ ఈశాన్యపు కొసన ఉన్న త్రియెస్తె నగరం దగ్గర ప్రొసెక్కో అనే ఊరు ఉంది. కానీ కొనెల్యానో కొండల నుంచి అది వంద కిలోమీటర్లు దాటి ఉంది. 2009లో ఏం చేశారు? ఆ ఊరు కూడా లోపలికి వచ్చేలా తొమ్మిది జిల్లాలు చుట్టి ఒక పెద్ద డీఓసీ గీశారు. ద్రాక్షకు పేరు మార్చి గ్లేరా అన్నారు. ఇకమీదట ప్రొసెక్కో అంటే చోటు, గ్లేరా అంటే పండు. తెలివైన పని. నిజాయితీ అయిన పనా అంటే, ఆ మ్యాపు ముందు కూర్చుని నేను సమాధానం చెప్పలేను. బంగినపల్లికి 2017లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. పేరు ఊరిది, పండు మాత్రం ఊరు దాటి ఎంత దూరం పోయిందో మనకు తెలుసు. రేపు ఎవరో మామిడికి కొత్త పేరు పెట్టి, బంగినపల్లి అంటే ఊరు మాత్రమే అంటే మార్కెట్లో మన గతేంటో ఊహించుకోండి.

త్రియెస్తె దాకా వచ్చాం కాబట్టి పక్కనే ఉన్న కొల్లియో కొండలు. 1947లో పారిస్ ఒప్పందంతో ఇటలీకి, యుగోస్లావియాకు మధ్య కొత్త సరిహద్దు పడింది. అది తోటల నడుమ నుంచే పోయింది. ఇల్లు ఒక దేశంలో, తీగలు ఇంకో దేశంలో. మిరెన్ అనే ఊళ్లో శ్మశానం మధ్యలోంచి గీత పోయింది, 1970ల దాకా అలాగే ఉంది. ఇటు పక్క కొల్లియో, అటు స్లొవేనియా పక్క బ్ర్దా అంటారు. రెండింటికీ అర్థం కొండలనే. ఒకటే మట్టి, ఒకటే గాలి. నా మ్యాపులో మాత్రం ఇటలీ లేయరు అక్కడితో ఆగిపోతుంది, అవతల తెల్ల కాగితం. క్లయింటు అడిగింది ఇటలీయే కదా. ఆ తెలుపు చూసినప్పుడల్లా ఏదో చించేసినట్టుండేది.

సిసిలీలో ఎట్నా అగ్నిపర్వతం పేరుతో ఉన్న వైన్ గురించి చెప్పడానికి టైం లేదు. ఒక్క మాట. అగ్నిపర్వతం చుట్టూ ఉత్తరం, తూర్పు, దక్షిణం వైపులు పట్టుకుని అర్ధచంద్రాకారంలో ఉంటుంది ఆ హద్దు. లోపల కొంత్రాదా అనే చిన్న చిన్న చెక్కలు, 2011లో 133 పేర్లు అధికారికమయ్యాయి. వాటిలో కొన్నిటి అంచు ఎక్కడయ్యా అంటే, ఫలానా ఏడాది లావా వచ్చి ఆగిన చోటు. 1981లో రందాత్సో పక్క నుంచి లావా దిగి తోటల మీదుగా నది దాకా పోయింది. సర్వేయరు లేకుండా గీసిన హద్దు.

ఏమైనా ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: సార్, గీత మీదే తోట ఉంటే? సగం లోపల, సగం బయట?

మంచి ప్రశ్న. 1:25,000 షీటు మీద పెన్ను గీత అర మిల్లీమీటరు మందం ఉందనుకోండి. నేల మీద అది పన్నెండున్నర మీటర్లు. తీగల వరసల మధ్య రెండున్నర మీటర్లు వదిలితే, ఐదు వరసలు గీత కిందే ఉన్నట్టు. అవి ఎవరివి? మ్యాపు చెప్పదు. అక్కడ తోటల రిజిస్టరు ఉంటుంది, మన అడంగల్ లాంటిది. భూమి రికార్డులోని ఒక్కో ముక్కకూ నంబరు ఉంటుంది, ఏ నంబరులో ఏ ద్రాక్ష, ఏ వైన్‌కు అర్హత అన్నది అందులో రాసి ఉంటుంది. లెక్కకు వచ్చేది అదే. అందుకే మేమిచ్చిన మ్యాపు కింద, ఇది చూసుకోవడానికే, తగాదాలకు పనికిరాదు అని ఒక వాక్యం పెట్టించాను.

ప్రశ్న: మొదట్లో చదివారు కదా, ఆ పేరులేని వాగు దొరికిందా?

దొరికింది. రెండు దొరికాయి. (నవ్వులు) అంబ్రాలో కలిసే పిల్లవాగులు పాత షీటు మీద రెండు కనిపించాయి, రెండింటికీ పేరు లేదు. ఏది చర్పెల్లా ఇంటి వైపు పోతుందో చూసి దాన్ని పట్టుకున్నాను. కంచరగాడిదల బాట ఉపగ్రహ చిత్రంలో సగం దాకా కనిపించి చెట్లలోకి పోయింది. మిగతా సగం పాత షీటు నమ్మి గీశాను. ఆ ముక్కను మాత్రం చుక్కల గీతగా పెట్టి పంపాను. ప్రచురణవాళ్లు అందంగా లేదని మామూలు గీత చేసేశారు. నా దగ్గరున్న ఫైల్లో ఇంకా చుక్కలే ఉన్నాయి. ల్యాప్‌టాప్ తెచ్చాను, టీ తాగి ఇటు రండి, చూపిస్తాను.